‘అన్నా’, డోర్సెట్ గోల్డెన్, హెచ్ఆర్ఎంఎన్-99: మన చిత్తూరు వైపు ఏ యాపిల్ ఎలా పెరుగుతోంది, ఎంత కాస్తోంది, రంగు వస్తోందా?

బంగారుపాళెం తోపు | 29 జులై 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది బంగారుపాళెం దగ్గర. నాలుగు ఎకరాల తోతాపురి తోపు. నాన్న చేతి మీదుగా నాటినవి, మానుకీ మానుకీ పదేసి మీటర్ల ఎడం. ఈ సీజన్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కిలోకి కంపెనీలు 8, ప్రభుత్వం 4 అని ప్రకటించారు సరే, నేను మాత్రం ట్రాక్టర్ లోడుతో ఒక ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు పడిగాపులు పడ్డాను. మూడో రోజు పొద్దునకి కింది వరస కాయలు నలిగి రసం కారడం మొదలైంది. ట్రాలీ కింద రోడ్డంతా జిగట, దాని మీద ఈగలు. అది చూశాక ఇంటికొచ్చి రెండు రోజులు తోపులోకి పోలేదు.

ఒక ఎకరం తీసేసి యాపిల్ పెడదామని ఆలోచన. ఒక నర్సరీ ఆయన వచ్చి 4×3 మీటర్ల ఎడంలో ఎకరాకి 337 మొక్కలు, మొక్క 250 రూపాయలు, మొత్తం 84,250 అని లెక్క రాసిచ్చాడు. గుంతలు, డ్రిప్ మన ఖర్చు. ఫోన్‌లో చూపించిన కాయ అచ్చం కాశ్మీర్ కాయలాగా ఎర్రగా ఉంది. అన్నా, డోర్సెట్ గోల్డెన్, హెచ్ఆర్ఎంఎన్-99, ఈ మూడింట్లో ఏదైనా ఇస్తానన్నాడు.

పెంచినవాళ్లు చెప్పండి. ఏది బాగా పెరుగుతుంది? ఏది ఎక్కువ కాస్తుంది? ఏది ఎర్రగా వస్తుంది? ఆగస్టులో మాన్లు కొట్టించాలనుకుంటున్నా.

వి.కోట టమాటా | 29 జులై, రాత్రి 10:12

అన్నా, కొట్టించద్దు. ముందు ఇది చదువు.

2021లో నేను 40 మొక్కలు తెచ్చినాను, అన్నీ హెచ్ఆర్ఎంఎన్-99 అన్నారు. ఏ నర్సరీ అని చెప్పను. నాటేటప్పుడు అంటు ఎక్కడుందో చూసుకోలేదు, అది నా తప్పే. టమాటా నారు లాగా వరసగా గుంతల్లో పెట్టేసినాను. రెండో ఏడుకి కొన్నిటి ఆకు ఒక రకంగా, కొన్నిటి ఆకు ఇంకో రకంగా ఉంది. మూడో ఏడు పదకొండు మొక్కలకి గోలీకాయలంత కాయలు వచ్చినాయి, వగరు, నోట్లో పెట్టలేం. తెలిసినాయన వచ్చి చూసి, ఇవి అంటు చచ్చిపోయి కింద నుంచి వేరు మొక్క (అంటు కట్టడానికి వాడిన కింది మొక్క) లేచినవి అన్నాడు. ఇంకో తొమ్మిదింటికి అసలు అంటు కట్టిన గుర్తే లేదు, ఉత్త గింజ మొక్కలు.

మొక్క కొనేటప్పుడు వేళ్లకి జానెడు పైన కాండం చూడు. అక్కడ చిన్న వంకర, ముడి లాగా ఉంటుంది, పైన కింద బెరడు రంగులో తేడా తెలుస్తుంది. అది లేకపోతే డబ్బులు ఇవ్వద్దు. ఆ ముడి కిందనుంచి చిగురు వస్తే వచ్చినరోజే గిల్లెయ్యాలి.

మిగిలిన 20 మొక్కలు నిజమైన హెచ్ఆర్ఎంఎనే. వాటి సంగతి మళ్లీ చెప్తా, ఇప్పుడు మోటర్ ఆపి రావాలి.

పలమనేరు మల్బరీ | 30 జులై, ఉదయం 5:50

తమ్ముడూ, మొదట ఒక మాట. మీ చేను మొగిలి ఘాట్‌కి పైనా, కిందా? బంగారుపాళెం అన్నారు కాబట్టి కిందే. నాది పైన, పలమనేరు పక్కన. మధ్యలో ఎక్కువ దూరం లేదు, కానీ జనవరిలో మా దగ్గర రెండు దుప్పట్లు కప్పుకునే వేళకి మీ దగ్గర ఫ్యాను తిరుగుతుంటుంది. యాపిల్ విషయంలో ఇది చాలా పెద్ద తేడా.

నేను 2019 జనవరిలో 18 మొక్కలు నాటాను, రకానికి ఆరు. మల్బరీ గట్టు పక్కన, ఎర్ర నేల, డ్రిప్. మూడు రకాలకీ ఒకే నీళ్లు, ఒకే పశువుల ఎరువు. పట్టుపురుగులకి మేత ఎప్పుడు వేశానో రాసుకునే అలవాటు ఉంది కాబట్టి వీటి సంగతీ అదే నోటుబుక్కులో రాశాను. దాన్ని ముందు పెట్టుకునే ఇది టైప్ చేస్తున్నా. (రకం పేరే ‘అన్నా’ కాబట్టి పిలుపుతో కలవకుండా ‘అన్నా రకం’ అని రాస్తాను.)

పెరుగుదల అడిగారు. మూడూ విపరీతంగా పెరుగుతాయి, చిక్కంతా అక్కడే ఉంది. అన్నా రకం చీపురు కట్ట నిలబెట్టినట్టు నిలువుగా పోతుంది. డోర్సెట్ చేతులు చాచినట్టు పక్కలకి వస్తుంది, కోతకి సులువు. అన్నిటికంటే ఎత్తు పోయింది హెచ్ఆర్ఎంఎన్, మూడో ఏటికి నిచ్చెన కావాల్సి వచ్చింది. చూసినవాళ్లందరూ ‘ఎంత బాగా వచ్చాయి’ అనేవాళ్లు. రెండేళ్లు ఒక్క కాయ లేదు.

రెండో ఏడు ఫిబ్రవరిలో దగ్గరగా పోయి చూశాను. ప్రతి కొమ్మ చివరా నాలుగాకులు మాత్రం పచ్చగా విచ్చుకున్నాయి. దాని కింద మూరెడు కొమ్మ బోడి. మొగ్గలు లేవా అంటే ఉన్నాయి, కందిగింజంత, బూడిదరంగులో కొమ్మకి అతుక్కుని ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గీరితే లోపల పచ్చగా ఉంది. ప్రాణం ఉంది కానీ నిద్ర లేవడం లేదు. సగం పాత ఆకులు రాలకుండా అట్లాగే ఉన్నాయి, ముదిరి తోలులాగా.

మా అత్తయ్య మల్బరీ ఆకు దూస్తూ అటు చూసి అన్నది, ‘ఆకు తీస్తే కదమ్మా చిగురొచ్చేది. దీనికీ తీసి చూడు.’ ఆమె యాపిల్ చెట్టు చూడడం అదే మొదలు. నేను నమ్మలేదు. అయినా ఆ ఏడు డిసెంబర్ 20న రకానికి మూడు చెట్ల చొప్పున ఒక్క ఆకు మిగలకుండా చేత్తో దూసేశాను. నిలువు కొమ్మల్ని తాడు కట్టి మేకులకి వంచాను. మిగతా తొమ్మిదీ ముట్టుకోలేదు.

జనవరి మూడో వారానికి దూసిన చెట్లకి బోడి కొమ్మల పొడుగునా గులాబి మొగ్గలు. దూయని చెట్లకి మార్చి దాకా అక్కడొక పువ్వు, ఇక్కడొక పువ్వు. అత్తయ్యని పిలిచి చూపించాను. ఆమె ‘ఊఁ’ అని మళ్లీ పనిలోకి పోయింది.

కాపు, రంగు సాయంత్రం రాస్తాను. పురుగులకి ఆకు వేసే టైమైంది.

మిద్దెతోట తిరుపతి | 30 జులై, ఉదయం 8:15

అక్కా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. తిరుపతిలో మా మిద్దె మీద 200 లీటర్ల డ్రమ్ముల్లో రెండు యాపిల్ చెట్లు ఉన్నాయి, ఒకటి అన్నా రకం, ఒకటి డోర్సెట్. నాలుగేళ్లుగా మీరు చెప్పిన బోడి కొమ్మే చూస్తున్నాను, జబ్బేమో అనుకుని మందులు కొట్టాను.

మాకు వచ్చిన కాయల సంగతి చెప్తాను, ఘాట్ కింద ఉన్నవాళ్లకి పనికొస్తుంది. పోయిన ఏడు అన్నా చెట్టుకి తొమ్మిది కాయలు నిలిచాయి. మే నెలలో పడమటి ఎండ తగిలే వైపు ఐదింటికి చెంప మీద ఇత్తడి రంగు మచ్చ వచ్చింది. నేను రంగు వస్తోందని సంబరపడి మా ఆయన్ని పిలిచాను. నాలుగు రోజులకి అది గోధుమరంగుకి తిరిగి, తోలులాగా గట్టిపడి, లోపల కండ ఉడికినట్టయింది. అది కాలిన మచ్చ. మిగిలిన నాలుగు కాయలు ఆకు నీడలో ఉండి బతికాయి, కానీ పచ్చగానే పండాయి. రుచి మాత్రం నిజమైన యాపిల్ రుచే, అందులో అబద్ధం లేదు. మా పాప గింజలు కూడా దాచుకుంది.

హార్టికల్చర్ తాత | 30 జులై, మధ్యాహ్నం 2:30

ఉద్యానశాఖలో పని చేసి రిటైరైనవాణ్ణి. పలమనేరు అమ్మాయి రాసింది చదివి చాలా సంతోషం కలిగింది. ఆమె అత్తగారు చెప్పింది ఇండోనేషియాలో తూర్పు జావా రైతులు దశాబ్దాలుగా చేస్తున్న పనే. అక్కడ మలాంగ్ దగ్గర బాటు అనే ఊరు ఉంది, కొండ ప్రాంతం, సుమారు 900 మీటర్ల ఎత్తు. భూమధ్యరేఖ దగ్గర కాబట్టి చలికాలమే లేదు. కోత అయిన నెలకి ఆకంతా చేత్తో దూసి, కొమ్మలు వంచి, ఏడాదికి రెండు కాపులు తీస్తారు. అక్కడ పెంచేది రోమ్ బ్యూటీ, ‘మనలాగి’, అన్నా రకాలు.

ఎందుకు పని చేస్తుందో చెప్తాను. యాపిల్ మొగ్గ వేసవిలో తయారవుతుంది. ఆకులు ఉన్నంతసేపు అవే దాన్ని ఆపి పెడతాయి. తర్వాత చలికాలం ముందు అది గాఢనిద్రలోకి పోతుంది. ఒకసారి ఆ నిద్రలోకి పోతే 7 డిగ్రీల దరిదాపుల్లో చలి ఇన్ని గంటలని తగిలితేనే లేస్తుంది. సిమ్లా వైపు పెంచే డెలీషియస్ రకాలకి ఆ లెక్క దాదాపు వెయ్యి గంటలు. అన్నా, డోర్సెట్‌లకి 300 లోపు. పలమనేరులో ఆ 300 కూడా దొరకవు. అందుకే మొగ్గ గాఢనిద్రలోకి జారకముందే ఆకు తీసేస్తే, ఆపేవాడు లేక పూతకి వస్తుంది. ద్రాక్ష రైతులు ఇదే పనికి హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు. అది చాలా విషం, చర్మానికి తగిలినా ప్రమాదమే, ఆ రోజుల్లో మద్యం ముట్టినా ఒంటికి పడదు. ఇరవై ముప్పై చెట్లున్నవాళ్లకి చెయ్యి చాలు.

రకాల పుట్టుక కూడా తెలుసుకోండి, ఎంపికకి పనికొస్తుంది. అన్నా రకం ఇజ్రాయెల్‌లో ఐన్ షెమెర్ అనే కిబ్బుట్జ్‌లో (ఉమ్మడి సేద్యం చేసే ఊళ్లో) పుట్టింది, రెడ్ హదస్సియా, గోల్డెన్ డెలీషియస్‌ల సంకరం. డోర్సెట్ గోల్డెన్ బహామాస్ దీవుల్లో నసావ్‌లో దొరికిన గింజ మొక్క. హెచ్ఆర్ఎంఎన్-99 మన హిమాచల్‌లో, కొండ కింద వేడిగా ఉండే బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామంలో హరిమాన్ శర్మ అనే రైతు తన పెరట్లో మొలిచిన గింజ మొక్క నుంచి తీసినది. ఆయనకి 2025లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ మూడింటిలో ఏదీ చిత్తూరు జిల్లా కోసం తయారైంది కాదు, ఇది మనసులో పెట్టుకోవాలి.

ఇంకొకటి. అన్నా రకం తన పుప్పొడితో తాను సరిగా కాయదు. పక్కన అదే సమయంలో పూసే ఇంకో రకం కావాలి, దానికి డోర్సెట్ సరిజోడు. అన్నా ఒక్కటే 337 నాటితే పూత చూసి మురవాల్సిందే.

పలమనేరు మల్బరీ | 30 జులై, రాత్రి 8:20

తాతగారూ, నమస్కారం. మీ మాట అత్తయ్యకి చదివి వినిపించాను. ‘జావా ఎక్కడుంది’ అని అడిగింది, మ్యాపులో చూపించాను.

ఇప్పుడు కాపు. ఐదేళ్లు నిండాక, అంటే 2024 మేలో, పట్టుగూళ్లు తూచే కాటా మీదే చెట్టు చెట్టుకీ విడిగా తూచాను. డోర్సెట్ చెట్టుకి సగటున 14 కిలోలు. అన్నా రకం 11. హెచ్ఆర్ఎంఎన్ 9, అది కూడా నాలుగు చెట్లదే, రెండు అంతకుముందు వానాకాలం మొదలు కుళ్లి పోయాయి. కాయ సైజులో అన్నా పెద్దది, కిలోకి ఏడెనిమిది. డోర్సెట్ చిన్నది, కానీ గుత్తులుగా పడుతుంది. పిందె గోలీకాయంత ఉన్నప్పుడే గుత్తికి ఒకటో రెండో ఉంచి మిగతాది తుంచాలి. నాకు మొదట చేతులు రాలేదు, తుంచని చెట్టు కాయలు చూశాక వచ్చాయి.

రంగు. ఇక్కడే నర్సరీ ఫోన్‌లోని ఫోటో గురించి చెప్పాలి. నా అన్నా కాయ పసుపు కలిసిన ఆకుపచ్చ, ఎండ తగిలిన చెంప మీద లేత ఎరుపు, కాయలో మూడో వంతుకి మించదు. హెచ్ఆర్ఎంఎన్ పసుపు మీద ఎర్ర గీతలు, అదీ చెట్టు బయటి అంచు కాయలకే, లోపలివి పసుపే. డోర్సెట్ ముదురు నిమ్మపండు రంగు, ఒక పక్క కొంచెం నారింజ జీర. కాశ్మీర్ కాయ లాంటిది ఆరేళ్లలో ఒక్కటి కూడా కోయలేదు.

రుచిలో నా ఓటు డోర్సెట్‌కి. గట్టిగా ఉంటుంది, కొరికితే శబ్దం వస్తుంది, రెండు వారాలు నిలుస్తుంది. అన్నా కోసిన రోజు అమృతం, వారానికి పిండి పిండి.

మండీ చిత్తూరు | 30 జులై, రాత్రి 10:45

పండ్ల వ్యాపారం మాది, ఇరవై రెండేళ్లు. అందరూ చెట్టు గురించి మాట్లాడుతున్నారు, నేను బండి దగ్గర నిలబడ్డ మనిషి గురించి చెప్తాను.

మన జిల్లాలో యాపిల్ కొనేవాళ్లు ఎక్కువమంది ఇంట్లో జ్వరం వస్తేనో, ఆసుపత్రికి చూడబోతేనో, పూజకో కొంటారు. ఆ చేతికి ఎరుపు కావాలి. పసుపు కాయ చూపిస్తే ‘పచ్చిదేమో’ అంటారు. గ్రీన్ యాపిల్ అని స్టిక్కర్ ఉంటే మళ్లీ అదే చెయ్యి ఎక్కువ ధర ఇస్తుంది. అంటే రంగుకంటే ఆ రంగుకి ఒక పేరు ఉండడం ముఖ్యం.

మంచి విషయం ఏమిటంటే మేలో కొండల సరుకు కొత్తది ఉండదు. హిమాచల్ కాయ జులైలో మొదలు, కాశ్మీర్ ఆగస్టు తర్వాత. మేలో మేం అమ్మేది కోల్డ్ స్టోరేజీదీ, విదేశాలదీ. అప్పుడు చెట్టు మీద కోసిన తాజా కాయ అంటే విలువ ఉంది. చెడ్డ విషయం, అప్పుడు మన ఊళ్లో బేనీషా పండు సీజన్. ఇంట్లో మామిడి ఉన్నప్పుడు యాపిల్ ఎవరు అడుగుతారు?

ఎకరం కాయ తెస్తే నేను తీసుకోలేను, నిజం చెప్తున్నా. వారానికి నాలుగైదు బాక్సులైతే తీసుకుంటా.

బంగారుపాళెం తోపు | 31 జులై, ఉదయం 7:05

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. రాత్రి నిద్ర పట్టలేదు, మూడుసార్లు చదివాను.

ఒక్క సందేహం. రంగు రాకపోవడం మన నేల వల్లా? పొటాష్ వేస్తే, లేదా ఏదైనా మందు కొడితే రాదా? నర్సరీ ఆయన్ని ఫోన్‌లో అడిగితే ‘రంగు మందు ఉంది, నేనే ఇస్తా’ అన్నాడు.

హార్టికల్చర్ తాత | 31 జులై, ఉదయం 11:20

నాయనా, ఆ మందు కొనకు.

యాపిల్‌లో ఎరుపు ఆంథోసయనిన్ అనే పదార్థం. తోలులో అది తయారవడానికి వెలుతురు కావాలి, దానితోపాటు చల్లని రాత్రులు కావాలి. కొండల్లో పగలు మంచి ఎండ, రాత్రి చలి, కోతకి ముందు మూడు నాలుగు వారాలు అట్లా ఉంటే కాయ ఎరుపెక్కుతుంది. రాత్రి కూడా వేడిగా ఉంటే తయారీ మందగిస్తుంది, తయారైంది కూడా నిలవదు. పలమనేరులో మేలో రాత్రి ఎంత వేడి ఉంటుందో ఆ అమ్మాయినే అడుగు. నేలది ఇందులో చిన్న పాత్ర. యూరియా ఎక్కువైతే ఆకు దట్టమై ఉన్న రంగు కూడా పోతుంది, అంతే.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కాయ మీద నీడ పడే ఆకులు కోతకి రెండు వారాల ముందు తీయడం, చెట్టు కింద వెండిరంగు షీట్ పరిచి వెలుతురు పైకి కొట్టించడం, కాయకి కాగితం సంచి కట్టి చివర్లో తీయడం. ఇవన్నీ చల్లని రాత్రి ఉన్నచోట అద్భుతంగా పని చేస్తాయి. వేడి చోట అదే వెలుతురు తిరుపతి అమ్మాయి మిద్దె మీద చేసిన పని చేస్తుంది. కాయ తోలు 45 డిగ్రీలు దాటితే కాలుతుంది.

బాటు రైతులు ఏం చేశారో చూడు. వాళ్ల ‘మనలాగి’ రకం ఎర్రగా రాదు, పసుపుపచ్చగానే ఉంటుంది. దాన్ని ఎర్రగా చేయాలని వాళ్లు కొట్టుకోలేదు, తియ్యని కాయగానే పేరు తెచ్చుకున్నారు. మన వేడికి ఎర్రగా రావాల్సిన రకం పెట్టి రాలేదని బాధపడేకంటే, పసుపుగానే ఉండాల్సిన రకం పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

వి.కోట టమాటా | 31 జులై, రాత్రి 9:00

నా 20 మొక్కల సంగతి. హెచ్ఆర్ఎంఎన్ తన పుప్పొడితోనే కాస్తుందని తెచ్చినాను, అది నిజమే, పక్కన వేరే రకం లేకపోయినా పిందె పట్టింది. కానీ ఆకు దూయడం తెలియదు కాబట్టి పూత జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది. ఒకే కొమ్మ మీద నిమ్మకాయంత కాయ, పిందె, పువ్వు మూడూ ఉంటాయి. చూడ్డానికి బాగుంటుంది, కోతకి నరకం. రోజూ నాలుగు కాయలు కోసి ఎవరికి అమ్మాలి?

చిలకలు పగలు, ఏనుగులు రాత్రి. కౌండిన్య అడవి నుంచి దిగినప్పుడు డ్రిప్ పైపులు తొక్కేసి పోయినాయి. యాపిల్ తినలేదు, పక్క చేను చెరుకు కోసం వచ్చి మధ్యలో నా వరస తొక్కినాయి. ఇది కూడా లెక్కలో వేసుకోండి.

అక్కా, ఈ డిసెంబర్‌లో నేనూ దూస్తా. ఒక మనిషి రోజుకి ఎన్ని చెట్లు దూయగలడు?

పలమనేరు మల్బరీ | 1 ఆగస్టు, ఉదయం 6:10

ఐదేళ్ల చెట్లయితే మనిషికి రోజుకి పది, పన్నెండు. మల్బరీ దూసే ఆడవాళ్లయితే పదిహేను. కిందికి లాగి దూయకూడదు, మొగ్గ ఊడొస్తుంది. ఆకు తొడిమని కొమ్మ వైపు, అంటే పైకి ఎత్తి తుంచాలి. నేను మొదటి రోజు వంద మొగ్గలైనా ఊడగొట్టుకున్నాను.

రంగు గురించి ఒక సంగతి ఇంతవరకూ రాయలేదు, ఒక్కసారే చేశాను కాబట్టి. 2024లో మే కోత అయ్యాక రెండు అన్నా చెట్లకి, ఒక డోర్సెట్‌కి జులై 15న మళ్లీ ఆకు దూశాను. రెండో కాపు వస్తుందేమో చూద్దామని. ఆగస్టు మొదట్లో పూసింది, తేనెటీగలు కూడా వచ్చాయి. నవంబర్ చివర కోశాను. కాయలు తక్కువ, చెట్టుకి నాలుగు కిలోలు. కానీ అన్నా కాయ చూసి నేనే నమ్మలేదు. మేలో చెంప మీద ఆగిపోయిన ఎరుపు, తొడిమ గుంత నుంచి అడుగు దాకా దిగింది. మూడు వంతుల్లో రెండు వంతులు ఎరుపు. అదే చెట్టు, అదే నేల, అదే ఎరువు. మారింది రాత్రి ఒక్కటే.

వానలు మాత్రం చంపాయి. అక్టోబర్ తుఫాను వానకి మూడోవంతు కాయ కుళ్లి రాలింది.

పండిందో లేదో రంగు చూసి తెలియదు కాబట్టి నేను అయోడిన్‌తో చూస్తాను. మెడికల్ షాపులో టింక్చర్ అయోడిన్ సీసా తెచ్చి, కాయని అడ్డంగా కోసి, కోసిన ముఖం మీద పోసి ఐదు నిమిషాలు ఆగాలి. పిండి ఉన్నంత మేరా నల్లగా మారుతుంది. కాయంతా నలుపైతే పచ్చిది. మధ్యలో గింజల చుట్టూ నక్షత్రం ఆకారం తెల్లగా మిగిలి, అంచు చుట్టూ నల్లటి వలయం ఉంటే కోతకి సరిగ్గా ఉంది. అంతా తెలుపైతే వెంటనే తినేయాలి. ఆ ముక్క మాత్రం నోట్లో పెట్టకండి. మా పిల్లలు ఈ పని కోసం స్కూలుకి లేటుగా పోయిన రోజులున్నాయి.

మండీ చిత్తూరు | 1 ఆగస్టు, మధ్యాహ్నం 1:15

అక్కా, నవంబర్ కాయ ఎర్రగా వచ్చిందంటే సంతోషం. కానీ నవంబర్ అంటే కాశ్మీర్ లారీలు వరసగా దిగే టైము. ఏడాదిలో యాపిల్ బాగా చవకయ్యేది అప్పుడే. ధర ఉన్నప్పుడు మనకి రంగు రాదు, రంగు వచ్చినప్పుడు ధర ఉండదు.

అందుకే నేను చెప్పేది, మేలో వచ్చే డోర్సెట్‌నే ‘పలమనేరు పసుపు యాపిల్’ అని పేరు పెట్టి తెండి. పొద్దున కోసింది అదే రోజు. ఒక కాయ కోసి రుచి చూపించి అమ్మే బాధ్యత నాది.

మామిడి తమ్ముడికి ఇంకో మాట. తోతాపురి మాను కొట్టకుండా పైకొమ్మలు తీసి ఇమాంపసంద్ గానీ బేనీషా గానీ అంటు కట్టించుకున్నవాళ్లు నాకు సరుకు తెస్తున్నారు. వేరు ముదురు కాబట్టి మూడు నాలుగేళ్లలో మళ్లీ కాపులోకి వస్తుంది. యాపిలే కావాలంటే గుండ్రంగా యాపిల్ లాగా ఉండే రుమానీ మామిడి ఉండనే ఉంది, దానికి అడిగేవాళ్లు ఉన్నారు.

మిద్దెతోట తిరుపతి | 1 ఆగస్టు, సాయంత్రం 6:40

నేను నిర్ణయించుకున్నాను. డ్రమ్ములు గోడకి తూర్పు పక్కకి జరుపుతాను, మధ్యాహ్నం రెండు తర్వాత నీడ పడుతుంది. డిసెంబర్‌లో ఆకు దూస్తాను. తాతగారూ, డ్రమ్ము చెట్టుకి కూడా ఇదే తేదీనా?

హార్టికల్చర్ తాత | 1 ఆగస్టు, రాత్రి 7:30

తిరుపతిలో వేసవి ముందే ముంచుకొస్తుంది. నువ్వు నవంబర్ చివర్లోనే దూయి, అప్పుడు ఏప్రిల్ ఎండలు ముదరకముందే కాయ దించుకోవచ్చు. దూసే ముందు రెండు వారాలు నీళ్లు తగ్గించు, దూసిన రోజు నిండుగా పెట్టు. నిమ్మకి పూత తెప్పించే పద్ధతి లాంటిదే.

బంగారుపాళెం తోపు | 3 ఆగస్టు, రాత్రి 10:30

నిన్న ఆదివారం కాకపోయినా సెలవు పెట్టుకుని ఘాట్ ఎక్కి పలమనేరు అక్క చేనుకి పోయి వచ్చాను. అక్క నోటుబుక్కు చూపించింది, వంచిన కొమ్మలు చూపించింది. అత్తయ్యగారు మజ్జిగ ఇచ్చి, ‘మాన్లు ఎవరు నాటినారు?’ అని అడిగింది. నాన్న అని చెప్పాను. ఆమె ఇంకేమీ అనలేదు. తిరిగి ఘాట్ దిగుతుంటే కారు అద్దం దించాను. మొగిలి దగ్గరికి వచ్చేసరికి గాలి మారడం చేతికి తెలిసింది, ఎన్నోసార్లు తిరిగిన దారే, ఎప్పుడూ గమనించలేదు.

మాన్లు కొట్టడం లేదు. పది మాన్లకి పైకొమ్మలు తీసి ఇమాంపసంద్ అంటు కట్టిస్తాను. యాపిల్ మా చేనులో కాదు, గంగవరం దగ్గర మా చెల్లెలు వాళ్ల చేను ఉంది, ఘాట్ పైనే. అక్కడ బావి పక్కన 15 మొక్కలు పెడతాం. పది డోర్సెట్, ఐదు అన్నా.

హార్టికల్చర్ తాత | 4 ఆగస్టు, ఉదయం 9:10

మంచిది. వేరు మొక్క ఎంఎం-111 అడుగు, నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది. ఎంఎం-106 అయితే నీళ్లు నిలిచేచోట మొదలు కుళ్లు తగులుతుంది, పలమనేరు అమ్మాయి రెండు చెట్లూ అట్లాగే పోయి ఉండొచ్చు. బావి పక్కన అంటున్నావు కాబట్టి పల్లంలో పెట్టకు, మట్టి ఎగదోసి దిబ్బ మీద పెట్టు.

బంగారుపాళెం తోపు | 11 జనవరి 2026, సాయంత్రం 5:25

అందరికీ ముందుగా సంక్రాంతి శుభాకాంక్షలు. మొక్కలు వచ్చాయి. 15 మొక్కలూ విప్పి అంటు ముడి చూశాం, పద్నాలుగు బాగున్నాయి, ఒకదానికి ముడి దగ్గర బెరడు చీలి ఉంది, అది వెనక్కి ఇచ్చేశాను. గుంతలు తీసి వారమైంది. చెల్లెలు నాటుదామంటోంది, నేను ఆపాను. అంటు ముడి మట్టిలోకి పోవచ్చా, బయట ఉండాలా?

వి.కోట టమాటా | 11 జనవరి, సాయంత్రం 5:31

బయటే అన్నా. నేల మట్టానికి నాలుగు వేళ్లు పైన. మట్టి నీళ్లకి కుంగుతుంది కాబట్టి ఇప్పుడు ఆరు వేళ్లు పెట్టు. నా 40లో అంటు ఉన్నవాటిలో చాలావాటికి నేను ముడి పూడ్చేసినాను.

పలమనేరు మల్బరీ | 11 జనవరి, రాత్రి 8:05

రేపు పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా నాటకండి. అత్తయ్య కూడా వస్తానంటోంది. డిసెంబర్‌లో దూసిన చెట్లకి మొన్నటి నుంచి మొగ్గ ఉబ్బింది, ఒక కొమ్మ తెస్తాను, మీ చెల్లెలికి చూపిద్దాం.